యూరప్‌లో నాలుగైదు దేశాలు తిరుగుతున్నా విశాఖలో ఇంటివాళ్లకు ఫోన్‌లో దొరకడం ఎలా

విశాఖ నుంచి యూరప్ వెళ్లేవాళ్లు ఇప్పుడు మన చుట్టూ చాలామందే కనిపిస్తున్నారు. జర్మనీలో ఉద్యోగం చేస్తున్న కొడుకును చూడటానికి వెళ్లే అమ్మానాన్నలు, స్టీల్ ప్లాంట్‌లో రిటైరై ప్యాకేజీ టూర్‌కు బయల్దేరే దంపతులు, రోటర్‌డామ్‌లోనో హాంబర్గ్‌లోనో ఓడ ఎక్కడానికి వెళ్లే మర్చంట్ నేవీ కుర్రాళ్లు. వీసా, టికెట్లు, పచ్చళ్ల ప్యాకింగ్ అన్నీ అయ్యాక చివర్లో అడిగే ప్రశ్న ఒకటే: అక్కడ ఏ సిమ్ కొనాలి?

దానికంటే ముందు ఆలోచించాల్సింది ఇంకోటి ఉంది. కొత్త సిమ్ కొంటే మీ చేతిలో నెట్ ఉంటుంది, నిజమే. కానీ ఎంవీపీ కాలనీలో ఉన్న మీ అమ్మగారి దగ్గర, మీ బ్యాంకు దగ్గర, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గర ఉన్నది మీ పాత నంబరే. అవసరం పడినప్పుడు వాళ్లు నొక్కేది దాన్నే. అది స్విచాఫ్‌లో ఉంటే మీ జేబులో ఎన్ని జీబీల డేటా ఉన్నా వాళ్లకు మీరు దొరకరు. అందుకే నేను చెప్పే పద్ధతి ఇది: ఒకే ఫోన్‌లో రెండు సిమ్‌లు పెట్టుకోండి. ఇండియా సిమ్ కాల్స్‌కి, ఓటీపీలకి. యూరప్ సిమ్ నెట్‌కి. ఒకదాని పనిలో ఇంకోటి వేలు పెట్టకుండా చూసుకోవడమే మిగతా కథంతా.

ముందు ఫోన్ చూసుకోండి

ఫోన్‌లో *#06# నొక్కండి. ఐఎంఈఐ నంబర్లతో (ఫోన్ గుర్తింపు నంబర్లు) పాటు ఈఐడీ అని ఒక పొడవాటి నంబరు కనిపిస్తే మీ ఫోన్‌లో ఈ-సిమ్, అంటే ప్లాస్టిక్ కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కించుకునే సిమ్, పనిచేస్తుంది. ఐఫోన్లలో 2018లో వచ్చిన ఎక్స్‌ఎస్, ఎక్స్‌ఆర్ నుంచి ఈ సదుపాయం ఉంది. ఈఐడీ లేకపోయినా కంగారు లేదు, రెండో సిమ్ స్లాట్ ఖాళీగా ఉంటే చాలు. మన దగ్గర చాలామందికి రెండు స్లాట్లలోనూ ఇండియా సిమ్‌లే ఉంటాయి. అలాంటప్పుడు బ్యాంకుకు, ఆధార్‌కు లింకైన నంబరు ఏదో చూసుకుని దాన్ని ఉంచండి. రెండోదాన్ని ఇంట్లో ఏదైనా పాత ఫోన్‌లో వేసి వెళ్లండి.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన ఫోనైతే అదనంగా రెండు విషయాలు చూడాలి. ఒకటి, అక్కడి కంపెనీ దాన్ని లాక్ చేసి ఉంటే వేరే సిమ్ పట్టదు. రెండు, అమెరికాలో అమ్మిన ఐఫోన్ 14 నుంచి సిమ్ పెట్టే స్లాటే ఉండదు. అంటే మన ఇండియా సిమ్ కూడా ఈ-సిమ్‌గా మారి ఉండాలి.

ఎవరూ చూడని ఇంకో సంగతి బ్యాండ్‌లు, అంటే సిగ్నల్ వచ్చే ఫ్రీక్వెన్సీలు. యూరప్‌లో ఊళ్లకు దూరంగా, కొండల్లో, రైలు దారుల్లో 4జీ సిగ్నల్‌కు బ్యాండ్ 20, అంటే 800 మెగాహెర్ట్జ్, ఎక్కువగా వాడతారు. మన మార్కెట్‌లో దొరికే కొన్ని తక్కువ ధర ఫోన్లలో అది ఉండదు. నగరాల్లో ఇబ్బంది రాదు గానీ ఆల్ప్స్ వైపు వెళ్తే తేడా తెలుస్తుంది. మీ మోడల్‌లో ఏ బ్యాండ్‌లు ఉన్నాయో కంపెనీ సైట్‌లో రాసి ఉంటుంది. అలాగే వోల్టే (VoLTE, అంటే 4జీ మీదే కాల్స్ మాట్లాడే సదుపాయం) ఆన్‌లో ఉందో లేదో సెట్టింగ్స్‌లో చూడండి. జర్మనీలో 2021లోనే 3జీ మూసేశారు. పాత ఫోన్ పట్టుకెళ్తే నెట్ వచ్చినా మాట సరిగ్గా రాకపోవచ్చు.

ఇండియా నంబరు ఆగిపోకుండా

ఇక్కడ ఎక్కువమంది తప్పటడుగు వేసేది మామూలు రీఛార్జ్ దగ్గరే. రోమింగ్ ప్యాక్ వేసుకున్నాం కదా అనుకుంటారు. కానీ కింద ఉన్న మామూలు ప్లాన్ గడువు మధ్యలో అయిపోతే ముందు అవుట్‌గోయింగ్, తర్వాత ఇన్‌కమింగ్ ఆగుతాయి. తిరిగొచ్చే తేదీ తర్వాత కూడా కొన్ని రోజులు మిగిలేలా రీఛార్జ్ చేయించండి.

తర్వాత ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయాలి. మీ కంపెనీ యాప్‌లో ఉంటుంది, లేదంటే స్టోర్‌కు వెళ్లి చేయించుకోవచ్చు. ఇది విశాఖలో ఉండగానే అయిపోవాలి. ప్యాక్ కొనేటప్పుడు ధరకంటే ముందు చూడాల్సినవి: మీరు వెళ్లే ప్రతి దేశం జాబితాలో ఉందా, ఇన్‌కమింగ్ కాల్స్‌కు ఎన్ని నిమిషాలు ఇచ్చారు, ఇన్‌కమింగ్ ఎస్సెమ్మెస్ ఉచితమేనా, ప్యాక్ కొన్న రోజు నుంచి మొదలవుతుందా లేక అక్కడి నెట్‌వర్క్‌కు తగిలాక మొదలవుతుందా.

ఏ ప్యాక్ అన్నది మీ ఇంటిని బట్టి ఉంటుంది. ఇంట్లో అందరూ వాట్సాప్ వాడేవాళ్లైతే ఓటీపీలు వచ్చేంత రోమింగ్ చాలు, చిన్న ప్యాక్‌తో సరిపెట్టుకోవచ్చు. బటన్ ఫోన్ వాడే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం ఇన్‌కమింగ్ నిమిషాలు బాగా ఉన్న ప్యాక్ తీసుకోండి. డబ్బు మిగుల్చుకోవాల్సిన చోటు అది కాదు. డెబ్బై ఏళ్ల మనిషి భయపడి ఫోన్ చేసినప్పుడు అవతల మోగాలి, మీరు ఎత్తాలి.

కాల్ ఫార్వర్డింగ్ ఏదైనా ఉంటే బయల్దేరే ముందు ##002# నొక్కి తీసేయండి. దీనికి కారణం ఉంది. ఇండియా నుంచి మీకొచ్చే కాల్ ముందు యూరప్ దాకా వెళ్తుంది. మీరు ఎత్తకపోతే ఫార్వర్డ్ చేసిన నంబరు కోసం మళ్లీ ఇండియాకు తిరిగొస్తుంది. మీరు ఒక్క మాట మాట్లాడకుండానే రెండు వైపులా బిల్లు పడొచ్చు.

యూపీఐ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. యూపీఐ యాప్‌లు, చాలా బ్యాంకు యాప్‌లు ఫోన్‌లో ఆ సిమ్ ఉందో లేదో చూస్తాయి. ఇండియా సిమ్ తీసి పర్సులో పెట్టుకుంటే యాప్ మళ్లీ వెరిఫికేషన్ అడగొచ్చు. అందుకే సిమ్ ఫోన్‌లోనే ఉండాలి.

నెట్ ఎక్కడిది తీసుకోవాలి

యూరోపియన్ యూనియన్‌లో 2017 జూన్ 15 నుంచి ఒక మంచి నియమం ఉంది. ఒక సభ్య దేశంలో కొన్న సిమ్‌ను ఇంకో సభ్య దేశంలో వాడినా అదనపు రోమింగ్ ఛార్జీ వేయకూడదు. ఈ నియమాన్ని 2032 దాకా పొడిగించారు. 27 సభ్య దేశాలతో పాటు నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్ కూడా ఇందులో ఉన్నాయి. కాబట్టి పారిస్‌లో కొన్న సిమ్ బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, ప్రాగ్, వియన్నా, రోమ్ అన్నింటిలో పనిచేస్తుంది. దేశానికో సిమ్ కొనాల్సిన పని లేదు.

స్విట్జర్లాండ్ మాత్రం ఈ నియమంలో లేదు. మన టూర్లలో సగం అందం కోసం వెళ్లేది అక్కడికే. షెంగెన్ వీసా స్విట్జర్లాండ్‌కు చెల్లుతుంది కాబట్టి సిమ్ కూడా చెల్లుతుందనుకుంటారు. వీసా లెక్క వేరు, సిమ్ లెక్క వేరు. కొన్ని కంపెనీలు తమంతట తామే స్విట్జర్లాండ్‌ను కలుపుతాయి, కొన్ని కలపవు. బ్రిటన్ కూడా యూనియన్‌లోంచి బయటికి వచ్చింది కాబట్టి దానిదీ ఇదే పరిస్థితి. సెర్బియా, అల్బేనియా, టర్కీ లాంటి చోట్లకు వెళ్తున్నా జాబితాలో పేరు వెతుక్కోవాల్సిందే.

దారులు మూడు. ఇండియా ప్యాక్‌లోని డేటా వాడటం, ట్రావెల్ ఈ-సిమ్ కొనడం, అక్కడి దుకాణంలో లోకల్ సిమ్ తీసుకోవడం. నాలుగైదు రోజుల పనికి వెళ్తే మొదటిది చాలు, తలనొప్పి ఉండదు. పది పదిహేను రోజుల్లో ఐదారు దేశాలు చుట్టేవాళ్లకు ట్రావెల్ ఈ-సిమ్ నా ఓటు. ఎయిరాలో, హోలాఫ్లై, నోమాడ్, యుబిగి లాంటివి యూరప్ మొత్తానికి కలిపి ఒకే ప్లాన్ అమ్ముతాయి. వీటిలో ఎక్కువ ప్లాన్‌లకు ఫోన్ నంబరు ఉండదు, డేటా మాత్రమే. హోటల్‌కు, ట్యాక్సీకి ఫోన్ చేయడానికి అక్కడి నంబరు కావాలంటే ఫ్రాన్స్ కంపెనీ ఆరెంజ్ అమ్మే హాలిడే సిమ్ లాంటివి చూడండి, దానికి +33తో మొదలయ్యే నంబరు వస్తుంది. పిల్లల దగ్గర నెలా రెండు నెలలు ఉండేవాళ్లకు లోకల్ సిమ్ చవక. లెబారా, లైకా మొబైల్ సిమ్‌లు మనవాళ్లు ఎక్కువగా వాడతారు. జర్మనీ, ఇటలీ, స్పెయిన్‌లలో సిమ్ కొనాలంటే పాస్‌పోర్ట్ చూపించి రిజిస్టర్ చేయించుకోవాలి. నెదర్లాండ్స్‌లో, బ్రిటన్‌లో ప్రీపెయిడ్‌కు ఆ బాధ లేదు.

"అన్‌లిమిటెడ్" అన్న మాట చూసి ఆగిపోకండి. సిమ్ కొన్న దేశంలో అపరిమితం అయినా, మిగతా దేశాల్లో ఇన్ని జీబీలే అని కంపెనీ హద్దు పెట్టొచ్చు, నియమమే దానికి ఒప్పుకుంటుంది. అడగాల్సిన ప్రశ్న: వేరే దేశంలో ఎన్ని జీబీలు?

ఈ-సిమ్‌ను ఇంట్లో వైఫై మీద ముందే ఎక్కించుకోండి, ఎందుకంటే ఎక్కించడానికే నెట్ కావాలి. ఎక్కించడానికి కంపెనీ పంపే క్యూఆర్ కోడ్‌ను ఇంకో ఫోన్‌లో తెరవండి, లేదా ప్రింట్ తీయండి. ప్లాన్ ఎక్కించిన రోజు నుంచే గడువు మొదలయ్యేదైతే బయల్దేరే ముందు రోజు చేయండి. ఒకసారి ఎక్కించాక పొరపాటున డిలీట్ చేయొద్దు, చాలా కోడ్‌లు రెండోసారి పనిచేయవు.

భార్యాభర్తలిద్దరూ వెళ్తుంటే ఒకరు పెద్ద ప్లాన్ కొని రెండో వాళ్లకు హాట్‌స్పాట్ ఇద్దామనుకుంటారు. వద్దు. రోమ్ స్టేషన్‌లోనో లూవ్ర్ మ్యూజియంలోనో ఇద్దరూ విడిపోయిన క్షణంలోనే రెండో వాళ్లకు నెట్ కావాలి. ఇద్దరికీ చెరొక చిన్న ప్లాన్ మేలు.

సెట్టింగ్స్ ఒక్కోటి ఇలా

విమానం దిగాక ప్రశాంతంగా ఒకచోట కూర్చుని చేయండి. ఫోన్ కంపెనీని బట్టి పేర్లు కాస్త మారతాయి.

ఇండియా సిమ్ ఆన్‌లో ఉండాలి, కానీ దాని డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉండాలి. డేటా రోమింగ్ ఆపితే కాల్స్, ఎస్సెమ్మెస్‌లు ఆగుతాయని భయపడకండి, వాటి దారి వేరు.

మొబైల్ డేటా ఏ సిమ్‌ది అన్నచోట యూరప్ సిమ్‌ను ఎంచుకోండి. ఆ సిమ్‌కు డేటా రోమింగ్ ఆన్ చేయండి. రోమింగ్ అనే మాటకు భయపడి రెండు సిమ్‌లకూ ఆపేస్తారు. అప్పుడు ఫ్రాన్స్‌లో పనిచేసిన సిమ్ బెల్జియం రాగానే ఆగిపోతుంది. సిమ్ చెడిపోయిందని స్టేషన్‌లో ఇంకోటి కొంటారు. ట్రావెల్ ఈ-సిమ్‌కైతే మొదటి దేశం నుంచే రోమింగ్ ఆన్‌లో ఉండాల్సి రావచ్చు.

తర్వాత సెట్టింగ్ చిన్నదే గానీ బిల్లులు పేలేది దానివల్లే. ఒక సిమ్‌కు సిగ్నల్ తగ్గితే ఫోన్ తనంతట తాను రెండో సిమ్ డేటాకు మారే ఏర్పాటు ఉంటుంది. ఐఫోన్‌లో అలో సెల్యులర్ డేటా స్విచింగ్ అని, ఆండ్రాయిడ్‌లో ఆటో డేటా స్విచ్ లాంటి పేరుతో కనిపిస్తుంది. దాన్ని ఆఫ్ చేయండి.

అవుట్‌గోయింగ్ కాల్స్‌కు ఏ సిమ్ వాడాలో ప్రతిసారీ అడిగేలా పెట్టుకోండి. అలవాటుగా పేరు మీద నొక్కి రోమింగ్ రేటుకు మాట్లాడే ప్రమాదం తగ్గుతుంది. ఫోటోల బ్యాకప్, యాప్ అప్‌డేట్లు వైఫైలో మాత్రమే జరిగేలా పెట్టండి.

వాట్సాప్ జోలికి వెళ్లొద్దు. కొత్త సిమ్ చూసి నంబరు మారుస్తారా అని అడిగితే పాతదే ఉంచండి. డేటా ఏ సిమ్‌దైనా వాట్సాప్ పాత నంబరుతోనే నడుస్తుంది.

ఓటీపీ రాకపోతే ఒక నిమిషం ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి తీయండి. అయినా రాకపోతే ఇండియా సిమ్‌కు నెట్‌వర్క్ సెలక్షన్‌లో ఆటోమేటిక్ తీసేసి, జాబితాలో ఇంకో కంపెనీని ఎంచుకోండి. చాలాసార్లు దీంతో ఆగిన మెసేజ్‌లన్నీ ఒక్కసారిగా వస్తాయి.

దారి మధ్యలో

విశాఖ నుంచి యూరప్‌కు నేరుగా విమానం లేదు. హైదరాబాద్, ఢిల్లీ మీదుగానో, గల్ఫ్ మీదుగానో వెళ్తాం. దుబాయ్‌లో ఆగితే మీ యూరప్ ప్లాన్ అక్కడ పనిచేయదు, ఎయిర్‌పోర్ట్ వైఫై వాడుకోండి. అక్కడ మామూలుగా వాట్సాప్ కాల్స్ కలవవు, మెసేజ్‌లు వెళ్తాయి. ఈ ముక్క ఇంట్లో ముందే చెప్పకపోతే "కాల్ కలవట్లేదు" అని టెన్షన్ పడతారు.

స్విట్జర్లాండ్ సరిహద్దు ఊళ్లలో జాగ్రత్త. బాసెల్, జెనీవా చుట్టుపక్కల మీరు ఫ్రాన్స్‌లోనో జర్మనీలోనో ఉన్నా ఫోన్ స్విస్ టవర్‌ను పట్టుకోవచ్చు. మీ ప్లాన్‌లో స్విట్జర్లాండ్ లేకపోతే అక్కడ నెట్‌వర్క్‌ను చేత్తో ఎంచుకోండి. ఓడలు, పెద్ద ఫెర్రీలు ఇంకా ఖరీదు. తీరం దాటాక ఫోన్ శాటిలైట్‌తో నడిచే ఓడ నెట్‌వర్క్‌కు తగులుతుంది, దానికి యూనియన్ నియమం వర్తించదు. విమానంలోనూ అంతే. ఎక్కగానే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, కావాలంటే వైఫై మాత్రం ఆన్ చేసుకోండి.

మన రెండు పిన్నుల ఛార్జర్ యూరప్‌లో చాలా దేశాల్లో సరిపోతుంది. బ్రిటన్‌కు వేరే అడాప్టర్ కావాలి. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే పెట్టుకోవాలి, చెక్-ఇన్ లగేజీలో వేయకూడదు.

విశాఖలో ఉన్నవాళ్లతో చేసుకోవాల్సిన ఏర్పాటు

మీ ఫోన్ ఎంత బాగా సర్దుకున్నా రెండో కొస ఇంట్లో ఉంది. బయల్దేరే ముందు ఒక సాయంత్రం దీనికోసం కేటాయించండి.

ముందు టైమ్. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబర్ చివరి ఆదివారం దాకా ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ మనకంటే మూడున్నర గంటలు వెనక. మిగతా నెలల్లో నాలుగున్నర గంటలు. బ్రిటన్ అయితే ఇంకో గంట వెనక. విశాఖలో రాత్రి 9 అయితే పారిస్‌లో వేసవిలో సాయంత్రం 5:30. ఇంట్లో భోజనాలు అయ్యాక, మీరు హోటల్‌కు చేరే వేళ, ఆ సమయమే మాటలకు బాగుంటుంది. దాన్ని రోజూ మాట్లాడే టైమ్‌గా ఖాయం చేసుకుంటే పగలంతా ఎవరూ ఎదురుచూడక్కర్లేదు.

తెల్లవారుజామున 5 గంటలకు లేచి ఫోన్ చేసే పెద్దవాళ్లకు అప్పుడు మీకు అర్ధరాత్రి దాటిందని గుర్తుండదు. అలాగని ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకోవద్దు. డు నాట్ డిస్టర్బ్ పెట్టి, ఇంట్లో వాళ్ల నంబర్లకు మాత్రం మినహాయింపు ఇవ్వండి. ఒకే నంబరు నుంచి వెంటవెంటనే రెండోసారి వచ్చే కాల్‌ను మోగనిచ్చే సదుపాయం కూడా చాలా ఫోన్లలో ఉంది.

ఇంట్లో వాళ్లకు వరస చెప్పండి: ముందు వాట్సాప్ కాల్, కలవకపోతే వాట్సాప్ మెసేజ్, అదీ చేరకపోతే మామూలు కాల్. ఒక్క టిక్ పడితే మెసేజ్ మీ ఫోన్‌కు ఇంకా చేరలేదని, రెండు పడితే చేరిందని చూపించండి. రైలు సొరంగంలో ఉన్నా ఒక్క టిక్కే పడుతుందని కూడా చెప్పండి. ఫ్యామిలీ గ్రూప్‌లో రోజూ పొద్దున్నే ఆ రాత్రి ఉండబోయే హోటల్ పేరు, ఫోన్ నంబరు, ఎక్కబోయే రైలు వివరం పెట్టండి. ఊరు మారే రోజు వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 8 గంటలకు పెడితే ఇంట్లో వాళ్లు ఫోన్ చేయకుండానే మీ దారి చూసుకుంటారు.

ఫోన్‌లో అన్ని నంబర్లూ +91తో సేవ్ చేసుకోండి. ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉంటే 0891లో మొదటి సున్నా తీసేసి +91 891 అని మొదలుపెట్టాలి. ల్యాండ్‌లైన్‌కు వాట్సాప్ పనిచేయదు, దానికి ఇండియా సిమ్ రోమింగ్ నిమిషాలే వాడాలి. బ్యాంకుల 1800 టోల్‌ఫ్రీ నంబర్లు బయటి దేశాల నుంచి సాధారణంగా కలవవు. కార్డు వెనక ఉన్న మామూలు నంబరు రాసుకోండి.

అక్టోబర్, నవంబర్‌లలో వెళ్తున్నారంటే ఇంకో జాగ్రత్త కావాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు కరెంటుతో పాటు సెల్ నెట్‌వర్క్ కూడా పడిపోయి రోజుల తరబడి కష్టమైంది. అమ్మానాన్నల క్షేమం తెలియక బయటి దేశాల్లో ఉన్న పిల్లలు ఎంత అల్లాడిపోయారో మన ఊళ్లో అందరికీ గుర్తే. అలాంటప్పుడు యూరప్‌లో మీ ఫోన్ ఎంత బాగున్నా లాభం లేదు. అందుకే ఇంటి నంబరుతో పాటు పక్కింటివాళ్ల నంబరు ఒకటి, వేరే కంపెనీ సిమ్ వాడే బంధువుది ఒకటి, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్లది ఒకటి దగ్గర పెట్టుకోండి. ఊరు బయట ఉన్న ఆ మూడో మనిషికి రెండు వైపుల వాళ్లూ కబురు చెప్పాలని ముందే అనుకోవాలి.

యూరప్‌లోనూ ఇది జరగనిది కాదు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దాదాపు అంతటా కరెంటు పోయింది, కొన్ని గంటల్లో ఫోన్లు కూడా మూగబోయాయి. నిండా ఛార్జ్ ఉన్న పవర్ బ్యాంకు, కొద్దిగా నగదు, ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్, హోటల్ చిరునామా రాసిన కాగితం ఆ రోజు అక్కరకు వచ్చేవి.

ఫోన్ పోతే

పారిస్ మెట్రో, బార్సిలోనా వీధులు, రోమ్ బస్సులు జేబుదొంగలకు పేరు మోసినవి. ఇద్దరి ఫోన్ నంబర్లు, ఐఎంఈఐ, బ్యాంకు నంబరు, ఆయా దేశాల్లో మన రాయబార కార్యాలయం ఎమర్జెన్సీ నంబరు ఒక కాగితం మీద రాసి పాస్‌పోర్ట్‌లో కాకుండా వేరేచోట పెట్టుకోండి. ఫోన్ పోగానే ముందు సిమ్ బ్లాక్ చేయించండి, తర్వాత బ్యాంకు. కొత్త ఇండియా సిమ్ సాధారణంగా తిరిగొచ్చాకే దొరుకుతుంది. సిమ్ మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు కూడా రావు. అందుకని ఓటీపీ లేకుండా పిన్‌తో పనిచేసే కార్డు ఒకటి వేరే సంచిలో ఉండాలి, దానికి ఇంటర్నేషనల్ లావాదేవీలు ముందే ఆన్ చేసి ఉంచాలి.

ప్రాణం మీదికొస్తే 112. యూనియన్ దేశాలన్నింటిలో, స్విట్జర్లాండ్, బ్రిటన్‌లలో కూడా ఇదే నంబరు, ఉచితం.

తిరిగొచ్చాక

హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో దిగగానే మొబైల్ డేటాను ఇండియా సిమ్‌కు మార్చండి. అక్కడ నెట్‌వర్క్‌ను చేత్తో ఎంచుకుని ఉంటే మళ్లీ ఆటోమేటిక్‌లో పెట్టండి. లేదంటే ఫోన్ ఇంకా పాత కంపెనీ కోసమే వెతుకుతూ సిగ్నల్ లేదని చూపిస్తుంది. ఇంటర్నేషనల్ రోమింగ్ ఇక అవసరం లేకపోతే యాప్‌లో ఆపేయండి. యూరప్ ఈ-సిమ్‌ను మాత్రం విశాఖ చేరాక తీరిగ్గా డిలీట్ చేసుకోవచ్చు.